లాగోస్‌లో ఎక్కడ దిగాలి

ఆ రోజుల్లో నాకు ఏ వస్తువు కొనాలన్నా, ఏ ఊరు వెళ్లాలన్నా ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరవడం అలవాటు. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. అమెరికాలోని అల్ఫారెట్టాలో నా మొదటి ఉద్యోగం, జుట్టు ఇంకా నుదుటిని వదలని కాలం. రైస్ కుక్కర్ కొనడానికి దొరికిన మోడళ్లన్నీ పోల్చి, ఒక్కో గుణానికీ ఇన్ని మార్కులని వేసి, ఆ లెక్క తేలేలోపు సేల్ అయిపోతే అన్నం గిన్నెలోనే వండుకున్న ఘనుణ్ణి. (గంజి వార్చడం అప్పుడే నేర్చుకున్నాను కాబట్టి పూర్తిగా నష్టపోయానని చెప్పలేను.) ఎలాంటి ప్రశ్నకైనా కొన్ని నిలువు వరుసలు, కొన్ని అడ్డు వరుసలు గీస్తే కింద జవాబు దానంతటదే పడుతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే ఒకసారి, నేను ఎన్నడూ చూడని లాగోస్ నగరంలో ఏ పేటలో దిగితే మంచిదో తేల్చడానికి కూర్చున్నాను.

మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, వరంగల్ నుంచి వచ్చిన మామ (ఎవరికీ మామ కాదు, అందరికీ మామే), లాగోస్ నుంచి వచ్చిన చీఫ్. చీఫ్ నా ఆఫీసులోనే, నా పక్క సీటే. ఆ పేరు మేం పెట్టింది కాదు. వాళ్ల ఊళ్లో పెట్రోలు పోసే మనిషి నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ చీఫ్‌లేనట. మొదటిరోజే నన్ను "గుడ్ మార్నింగ్, చీఫ్" అన్నాడు, నేను బదులుగా అదే మాట అన్నాను, ఇక ఇద్దరికీ అదే స్థిరపడిపోయింది. మామ మొదటిసారి వాళ్లమ్మ పంపిన ఆవకాయ రుచి చూపిస్తే, చీఫ్ చాలా మర్యాదగా "బాగుంది, కారం వేయడం మర్చిపోయారా?" అని అడిగాడు. మామ ఆ అవమానం తట్టుకోలేక మర్నాడు పచ్చిమిరపకాయలతో పచ్చడి నూరాడు. చీఫ్ దాన్ని బ్రెడ్డు మీద జామ్‌లా రాసుకుని తిన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున లాగోస్ నుంచి వాళ్లమ్మ వీడియో కాల్ చేసేది. ఆంటీ అంటే ఒప్పుకోలేదు, మేమిద్దరం కూడా మమ్మీ అనే పిలవాలంది. ఏం తిన్నారని ముగ్గుర్నీ వరసగా అడిగేది. ఏ జవాబు చెప్పినా, "అది తిండి కాదు" అనేది.

ఒక శనివారం ఉదయం జిమ్‌కి వెళ్లిన చీఫ్ అక్కడే కుప్పకూలాడు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. నేను ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. తర్వాతి రోజులు కాగితాలు, ఫోన్లు, సంతకాలతో గడిచాయి. ఆఫీసువాళ్లు, వాళ్ల చర్చివాళ్లు కలిసి అతణ్ణి ఇంటికి పంపే ఏర్పాట్లు చేశారు. అప్పుడు మమ్మీ నాకు ఫోన్ చేసింది. ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు.

"నువ్వు రావాలి, మై సన్. ఆ పొద్దున వాడి దగ్గర ఉన్నది నువ్వొక్కడివే. వెళ్లేముందు వాడేం మాట్లాడాడో నాకు చెప్పాలి. ఫోన్లో వద్దు. వచ్చి చెప్పు."

"వస్తాను మమ్మీ" అన్నాను. మామ ఆ శనివారం ఊళ్లో లేడు. ఇంట్లో ఉన్నది నిజంగా నేనొక్కణ్ణే. కానీ ఆ ఉదయం మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ, కొడుకును పోగొట్టుకున్న తల్లికి చెప్పదగ్గది కాదు. చీఫ్ పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆవిడ ఎదురుగా కూర్చుని ఆ ప్రశ్న వినడం ఇంకో ఎత్తు. వీసా సాకు చెబుదామంటే, తిరిగి అమెరికా రావడానికి కావలసిన స్టాంపు నా పాస్‌పోర్టులో కొత్తగా మెరుస్తోంది. (మామకు ఆ అదృష్టం లేదు. వాడి కాగితాలు రెన్యూవల్‌లో ఇరుక్కుని, దేశం దాటే వీల్లేక ఏడుస్తున్నాడు.) కాబట్టి నేను నాకు చేతనైన పని చేశాను. ల్యాప్‌టాప్ తెరిచాను.

ఇకోయి, లెక్కీ, విక్టోరియా ఐలాండ్, యాబా, ఇకేజా, సురులేరే. ఒక్కో పేటకు ఒక్కో వరుస. భద్రత, విమానాశ్రయం దూరం, శ్మశానం దూరం, కరెంటు, వైఫై, శాకాహారం. అమెరికాలో మనవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు చూసే అంశాలు కూడా తెలియకుండానే వచ్చి చేరాయి. ఇండియన్ స్టోరు ఎంత దూరం, గుడి ఎంత దూరం, పెరుగు దొరుకుతుందా. స్కూళ్ల రేటింగు కూడా పెట్టి, పిల్లలు కాదు కదా పెళ్లే లేదని గుర్తొచ్చి తీసేశాను. మామ నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏందిరా, లాగోస్ల ఇల్లు కొంటున్నవా?"

"ఎక్కడ దిగాలో చూస్తున్నాను."

"వాళ్లమ్మ ఇల్లుంది గద."

"ఇలాంటప్పుడు మనం వాళ్లకి భారం కాకూడదు."

"గట్లనా? మరి గీ పెరుగేంది? సావుకు పోతున్నవా, పెరుగన్నం తిననీకె పోతున్నవా?"

"వెయిటేజీ తక్కువే ఇచ్చాను" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ క్షణంలో వాడు ల్యాప్‌టాప్ మూసి నా నెత్తిన కొట్టకపోవడం వాడి మంచితనం.

ఇకేజాకూ ఇకోయికీ మార్కులు సమానంగా వచ్చాయి. ఆ చిక్కు విప్పడానికి అనుభవజ్ఞుల సలహా తీసుకుందామని లాగోస్ అంకుల్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒకప్పుడు అక్కడి ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీలో పనిచేసి, ఇప్పుడు అల్ఫారెట్టాలో కూతురి దగ్గర ఉంటున్నారు. సాయంత్రాలు ఇండియన్ స్టోరులో కూరగాయల దగ్గర దొరుకుతారు. నేను వెళ్లేసరికి మునక్కాయలను ఒక్కొక్కటే మెలితిప్పి పరీక్షిస్తున్నారు. నా ఫోన్లో పట్టిక చూపించాను.

"మైళ్లు కొలిచావేవిటయ్యా? లాగోస్‌లో దూరం మైళ్లలో ఉండదు. వంతెనకి ఇవతలా, అవతలా అని ఉంటుంది. ఐలాండా, మెయిన్‌ల్యాండా? ముందది తేల్చు."

"ఐలాండ్ వైపు లెక్కీకి కూడా మంచి మార్కులే వచ్చాయి అంకుల్."

"లెక్కీయా? మా రోజుల్లో అక్కడ పీతలుండేవి. శుభ్రంగా ఇలుపేజులో దిగు. మనవాళ్లంతా అక్కడే. నా పేరు చెప్పు, పప్పూ నెయ్యీ వేసి అన్నం పెడతారు."

"మీరు అక్కణ్ణుంచి వచ్చేసి ఎన్నాళ్లయింది అంకుల్?"

"మా అమ్మాయి అప్పుడు ఒకటో క్లాసు" అన్నారు. (వాళ్లమ్మాయి కొడుకు ఇప్పుడు కారు నడుపుతున్నాడు.) సమాచారం పాతది కాబట్టి ఇలుపేజుకు సగం మార్కులే వేస్తూ వరుస చేర్చాను. ఇంతకీ పని ఏమిటని అడిగారాయన. చెప్పాను. మునక్కాయ కింద పెట్టేశారు.

"తల్లి ఉందా?"

"ఉంది అంకుల్."

"ఇల్లెక్కడ?"

"సురులేరే."

"అది నీ లెక్కలో ఎన్నోది?"

"ఆఖరిది. కరెంటు సరిగ్గా ఉండదట, శాకాహారం హోటళ్లు..."

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, "కాయలు లేతగా ఉన్నాయి, రెండు పట్టుకెళ్లు" అన్నారు. నేను కాయలతో ఇంటికొచ్చి ఇకేజాలో హోటల్ బుక్ చేశాను. విమానాశ్రయానికి దగ్గర, శ్మశానం కూడా వంతెనకి అదే వైపు. నా పథకం చాలా పకడ్బందీది. హోటల్ నుంచి శ్మశానానికి, శ్మశానం నుంచి హోటల్‌కి, అక్కణ్ణుంచి విమానానికి. మమ్మీని సమాధి దగ్గర, చుట్టూ బంధువులు మూగి ఉన్నప్పుడు కలవాలి. రెండు చేతులూ పట్టుకోవాలి, తల వంచుకోవాలి. అంతమందిలో ఆవిడకు ఆ ప్రశ్న అడిగే వీలుండదు. ఇదేదీ పట్టికలో లేదు గానీ, ఆ పట్టిక అంతా నడిచింది దీనికోసమే.

ఆదివారం ఉదయం ఫోన్ చేసి చెప్పాను.

"ఇకేజాలో నీకెవరున్నారు?" అంది మమ్మీ.

"ఎవరూ లేరు మమ్మీ, హోటల్. అన్నిటికీ దగ్గర. మిమ్మల్ని అక్కడ, సమాధి దగ్గర కలుస్తాను."

అటువైపు ఎవరికో జనరేటర్ ఆపమని చెప్పి, మళ్లీ ఫోన్లోకి వచ్చింది.

"నేనక్కడికి రాను, మై సన్. మాలో పిల్లలు ముందు పోతే, కన్నవాళ్లు మట్టి దగ్గరికి వెళ్లకూడదు. మీరందరూ వెళ్తారు. నేను ఇంట్లో కుర్చీలో కూర్చుంటాను. నువ్వు ఇకేజా నుంచి అక్కడికీ, అక్కణ్ణుంచి ఇకేజాకీ వెళ్లిపోతే నేనెవర్ని అడగను?"

(మా ఇళ్లల్లోనూ ఆడవాళ్లు శ్మశానం దాకా రారు. మా తాతయ్య పోయినప్పుడు నాయనమ్మ గడపలోనే ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. అయినా నాకు తట్టలేదు. తట్టకూడదనే అనుకున్నానేమో.)

"నీకు భయంగా ఉందా?" అని అడిగింది.

"అవును మమ్మీ."

"నాకూ ఉంది. వాడి గది తలుపు వేసే ఉంది. నేను తియ్యలేకపోతున్నాను. నువ్వొచ్చి అందులో పడుకో. పొద్దున టీ ఇవ్వడానికైనా నేను ఆ తలుపు తట్టాలి కదా."

సురులేరేలో దిగాను. చీఫ్ అన్నయ్య విమానాశ్రయానికి వచ్చి, నా పెట్టె నా చేతికి ఇవ్వకుండా తానే మోశాడు. ఖననం జరిగింది. వాళ్లందరితోపాటు నేనూ ఒక పిడికెడు మట్టి వేశాను. తిరిగొచ్చేసరికి మమ్మీ అన్నట్టే కుర్చీలో కూర్చుని ఉంది. ఆ రోజు ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున తలుపు మీద చప్పుడైంది. టీ కప్పు నా చేతికిచ్చి, గదంతా ఒకసారి చూసి, మంచం అంచున కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు."

దారి పొడుగునా నేను ఒక అందమైన అబద్ధం తయారు చేసుకున్నాను. అందులో చీఫ్ అమ్మను తలుచుకుంటాడు, దేవుణ్ణి తలుచుకుంటాడు. నోరు తెరిస్తే అది రాలేదు.

"డిష్‌వాషర్ గురించి మమ్మీ."

"ఏమిటీ?"

"నేను ప్లేట్లు తప్పు వైపు తిప్పి పెడతానట. అన్నీ బయటికి తీసి మళ్లీ సర్దాడు. 'చీఫ్, నీకు ఇంజనీరింగ్ డిగ్రీ ఇచ్చినవాణ్ణి జైల్లో పెట్టాలి' అన్నాడు. 'అయితే రేపట్నుంచి నువ్వే కడుక్కో' అన్నాను. బూట్లు వేసుకుని వెళ్లిపోయాడు. అంతే మమ్మీ. ఇంకేమీ అనలేదు."

ఆవిడ మంచం అంచున ముందుకు జరిగింది.

"నా కొడుకు గిన్నెలు సర్దాడా?"

"రోజూ సర్దేవాడు మమ్మీ."

"నా ఇంట్లో వాడు ఒక్క ప్లేటు కడగలేదు. ఒక్కటి!" అంటూ చేయెత్తి ఒక వేలు చూపించి, బయటికి కేకేసింది. "విన్నావా? నీ తమ్ముడు అమెరికాలో గిన్నెలు ఎలా సర్దాలో మనుషులకి పాఠాలు చెప్పాడట!" నవ్వడం మొదలుపెట్టింది. నడుము పట్టుకుని, పక్కకి ఒరిగిపోయి నవ్వింది. ఆ నవ్వు ఏ క్షణాన ఏడుపైందో నాకు తెలియలేదు. టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

"కోపంగా వెళ్లాడా?" అని అడిగింది చివరికి.

"లేదు మమ్మీ. ఈల వేస్తూ మెట్లు దిగాడు."

"ఈల" అని తనలో తాను అనుకుని, తల ఊపింది.

ఆ తర్వాత పరామర్శకు వచ్చిన ప్రతి బంధువుకూ ఆ కథ నాచేతే చెప్పించింది. నేనేదైనా వదిలేస్తే, "జైలు మాట చెప్పు" అని అందించేది. ఒక ముసలాయన ప్లేటు తెప్పించి, ఎటు తిప్పాలో చూపించమన్నాడు. చూపించాను. ఎవరో నవ్వారు, ఎవరో కళ్లు తుడుచుకున్నారు. అక్కడున్నన్నాళ్లూ కరెంటు ఎన్నిసార్లు పోయిందో గమనించనే లేదు.

ఇప్పుడు నేను ఆ ఫ్లాట్‌లో లేను. మామ పెళ్లి చేసుకుని షామ్‌బర్గ్ వెళ్లిపోయాడు. ఏ ఊరు వెళ్లాలన్నా స్ప్రెడ్‌షీట్ తెరిచే అలవాటు మాత్రం పోలేదు. తెరిచినప్పుడల్లా ఆ కుర్రాడు గుర్తొస్తాడు. మూసి ఉన్న చీఫ్ గదికి వీపు తిప్పి సోఫాలో కూర్చుని, సముద్రాల అవతల పెరుగు ఎక్కడ దొరుకుతుందో అంత శ్రద్ధగా వెతుకుతున్నవాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, కాస్త అన్నం కలిపి పెట్టి, ముందిది తినరా అనాలనిపిస్తుంది.