నాలుగు తట్టల పురుగులు, అరగంట సముద్రం

ఒక మంచి బండిని, సాధువులాంటి డ్రైవరును, మూడు రాష్ట్రాల దారిని, ఉగాది సెలవులను కలిపి ఒకే ఒక్క కాగితంతో ఎలా నాశనం చేయవచ్చో తెలుసుకోవాలని ఉంటే నా దగ్గరికి రండి. ఆ కాగితం రాసింది నేనే. యాభై ఎనిమిదేళ్ళకు అక్షరాలు దిద్దిన మనిషిని. అలాంటి మనిషి చేతికి కలం దొరకడమంటే కొత్తగా కొమ్ములు వచ్చిన పొట్టేలుకు గోడ దొరకడమే. పొడవకుండా ఉండలేదు.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నేనింకా చిన్నదాన్ని. అరవై ఒకటి.

మాది తమిళనాడులో హోసూరు దగ్గర కెలమంగలం పక్కన పల్లె. పట్టుపురుగులు పెంచుతాం. మీకు ఆ పని తెలియకపోతే రెండు ముక్కల్లో చెబుతాను. పురుగు తింటూ ఉంటుంది, మనం మల్బరీ ఆకు వేస్తూ ఉంటాం. నెల తిరిగేసరికి అది పండుతుంది. అంటే ఒళ్ళు పసుపుతేలి, తిండి మాని, తల పైకెత్తి, గూడు అల్లుకోవడానికి చోటు వెతుక్కుంటుంది. అప్పుడు దాన్ని చంద్రికలనే వెదురు తడికెల మీదికి ఎక్కిస్తాం. గూళ్ళు ఇప్పేలోగా కొత్త పిల్లలు వచ్చేస్తాయి. ఈ తిరుగుడులో పడి నేనూ మా ఆయనా కలిసి ఊరు దాటింది లేదు. చుట్టాలింట్లో పెళ్ళికి నేను పోతే చావుకు ఆయన పోయేవాడు.

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే. సముద్రం చూడాలని.

"కృష్ణగిరి డ్యాం చూసినావు కదా," అన్నాను. "అదే, రోంత పెద్దది."

"డ్యాంకు అవతలి గట్టు కనిపిస్తాది," అన్నాడు. "అవతలి గట్టు లేనిది చూడల్ల."

హోసూరులో ఫ్యాక్టరీ పని చేసే మా కూతురు పద్మ ఈ మాట విన్నది. ఉగాదికి సెలవు పెట్టి, ఒక ఇంటి బండిని మాట్లాడింది. బయట నుంచి చూస్తే బస్సు, ఎక్కితే ఇల్లు. ఒకదాని మీద ఒకటి మంచాలు, వంటకు పొయ్యి, స్నానాల గది, పైగా ఏసీ. బండితోపాటు వచ్చే డ్రైవరు మాదప్ప కన్నడం మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు, బండి మీద ఈగ వాలితే దానిచేత క్షమాపణ చెప్పించేంత ప్రేమ. పద్మ వేసిన ప్లాను మూడేళ్ళ బిడ్డకు కూడా అర్థమయ్యేది. మైసూరు, వయనాడు దాటి కోజికోడు దగ్గర సముద్రం, అక్కడ రెండు రోజులు, తిరిగి ఇల్లు.

ఇక్కడ నేను కలం పట్టుకున్నాను.

ఆ పంట పురుగుల్లో చాలావరకు చెప్పిన మాట విని ఉగాదికి ముందే పండి చంద్రికలెక్కాయి. ఇక వాటికి ఆకు అక్కర్లేదు, మా మరిది ఓ కన్నేసి ఉంచితే చాలు. కానీ ప్రతి పంటలోనూ కొన్ని సోమరులుంటాయి. అన్నీ గూళ్ళు కడుతుంటే అవి మాత్రం పెళ్ళివారింట్లో మూడో బంతికి కూర్చున్న మామయ్యల్లాగా ఇంకా తింటూనే ఉంటాయి. బుద్ధి ఉన్నవాళ్ళు వాటిని కోళ్ళకు వేస్తారు. నాకు చేతులు రాలేదు. నాలుగు తట్టల నిండా ఉన్నాయి. నా లెక్కకు అవి పండడానికి ఇంకో ఐదు రోజులు.

"చిన్నాయనకు అప్పజెప్పి పోదామమ్మా," అంది పద్మ.

"మీ చిన్నాయన వాటిని కోళ్ళకేసి, చచ్చిపోయినాయమ్మా అంటాడు."

"మరి ఏం జేద్దామంటావు?"

"బండిలో ఏసీ ఉండాది. మంచాలు వరసగా ఉండాయి. మన పురుగులింట్లో అయినా ఇంతకంటే ఏముండాది?"

పద్మ నా మొహం చూసింది. తర్వాత వాళ్ళ నాయన మొహం చూసింది. ఆయన నేల చూశాడు.

పురుగులు వస్తే వాటి వెనకే ఆకు రావాలి. కోసిన ఆకు ఎంత తడి గోనె కప్పినా ఒక రోజు దాటితే వాడిపోతుంది. కాబట్టి తోటలున్న చుట్టాలు ఎక్కడుంటే దారి అక్కడే. పాత క్యాలెండరు వెనక నేను రాసింది ఇదీ. మొదటి రోజు కృష్ణగిరి మీదుగా ఆంధ్రాలో పలమనేరు, మా అక్క తోట. రెండో రోజు కర్ణాటకలో కోలారు దాటి చామరాజనగరం, మా ఆయన మేనత్త కొడుకు తోట. మూడో రోజు కేరళ. నాలుగో రోజు ఇల్లు. పడమటి సముద్రం చూడడానికి తూర్పుగా బయలుదేరిన మనుషులు మా కంటే ముందు ఎవరూ ఉండరని నా నమ్మకం. ఇక సముద్రం ఒడ్డున తోట ఉన్న చుట్టం మాకు ఒక్కడూ లేడు. ఆకు లేనిచోట నిలబడేదెట్లా? అందుకని మూడో రోజు వరుసలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను. సముద్రం, అరగంట.

రాసింది మా ఆయనకు చదివి వినిపించాను.

"అరగంటనా?" అన్నాడు.

"ఉప్పునీళ్ళు. ఎంతసేపని చూస్తావు?"

ఆయన నెమ్మదిగా తల ఊపాడు. ఆ నెమ్మదిని చూసి నేను అప్పుడే భయపడి ఉండాల్సింది. నలభై ఏళ్ళలో ఆయన రెండుసార్లే అంత నెమ్మదిగా ఉన్నాడు. రెండుసార్లూ నేనే ఓడిపోయాను.

బయలుదేరే పొద్దున తట్టలు మోసుకొస్తున్న నన్ను మాదప్ప మెట్ల దగ్గర ఆపాడు.

"ఇదేంది అజ్జీ?" కన్నడంలో అజ్జి అంటే అవ్వ.

"మా పురుగులు."

"బండిలో పురుగు పడితే మేము మందు కొడతాము. మీరే ఎక్కిస్తా ఉండారా?"

మందు అన్న మాట విని నేను పెట్టిన కేకలకు పక్క వీధి కుక్కలు కూడా జవాబు చెప్పాయి. పురుగులింటికి ఒక మర్యాద ఉంటుందని, ఇప్పుడిక ఈ బండి పురుగులిల్లేనని అతనికి విడమరచి చెప్పాను. కాళ్ళూ చేతులూ కడగనిదే లోపలికి రాకూడదు. ఘాటైన వాసన ఏదీ ఉండకూడదు. అద్దం ముందు వేలాడుతున్న మల్లెపూల సెంటు సీసా నా చేతులతోనే తీసి చెత్తలో వేశాను. పద్మ పౌడరు డబ్బా మరిది ఇంట్లో వదిలేసింది. తాలింపు నిషేధం, కాబట్టి అంత చక్కటి పొయ్యి మీద దారి పొడుగునా నీళ్ళు తప్ప మరేమీ కాగలేదు. మూటగట్టుకున్న రాగిసంగటి, పెరుగు తిన్నాం. మాదప్ప అన్నిటికీ తలొంచాడు గానీ ఒకదాని దగ్గర మొండికేశాడు.

"దేవునికి ఊదుబత్తి ముట్టించకుండా నేను బండి తీయను."

"ముట్టించుకో మాదప్పా. వద్దన్నానా? రోడ్డుకు అవతల ముట్టించుకో."

అందుకని ప్రతి పొద్దునా ఆ పెద్దమనిషి రోడ్డు దాటి, అవతల గట్టు మీద నిలబడి, ఊదుబత్తి వెలిగించి, ఇవతలున్న బండి వైపు తిప్పి, ఆరిపోయేదాకా కాచుకుని, చేతులు కడుక్కుని వచ్చేవాడు. దారిన పోయేవాళ్ళు బండి కొత్తదనుకుని ఆగి దండం పెట్టుకునేవాళ్ళు.

మంచాలు నాలుగు. మూడింటి మీద తట్టలు పరుచుకున్నాయి, మిగిలిన ఒక్కదాని మీద నేనూ పద్మా. మా ఆయన ముందు సీట్లో మాదప్ప పక్కన కూర్చున్నాడు. స్నానాల గదిలో కట్టలు కట్టలుగా ఆకు. లోపలే అన్ని సౌకర్యాలూ ఉన్న బండిలో తిరుగుతూ, అవసరం వచ్చినప్పుడల్లా బండి ఆపి చెట్ల చాటు వెతుక్కున్న కుటుంబం మాది.

పలమనేరులో మా అక్క గడప దాటకుండానే సంగతి పసిగట్టింది. "సుఖపడేదానికని బండి తీసుకోని, నా తోటలో ఆకు కోసేదానికి వస్తివా?" అంది. మాటలు అంటూనే కొడవళ్ళు ఇచ్చింది. పద్మ తన ఫ్యాక్టరీ సెలవులో మొదటి రోజును అక్కడ నడుం వంచి ఆకు కోస్తూ గడిపింది. రెండో రోజు కోలారు, బెంగళూరు, మైసూరు అన్నీ కిటికీలోంచి పోయాయి. మైసూరులో దిగుదామని పద్మ అడిగితే పురుగులకు మేత వేళ అయిందన్నాను.

చామరాజనగరం చేరాక ఒక చిన్న సంగతి జరిగింది. మేత వేసే పని తాను చూసుకుంటానని మా ఆయన తట్టల దగ్గరికి వెళ్ళాడు. ఒక పురుగును అరచేతిలోకి తీసుకుని, కిటికీ వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని పదిలంగా మళ్ళీ ఆకు మీద పెట్టాడు.

"ఎట్ల ఉండాయి?" అన్నాను.

"బాగ తింటా ఉండాయి," అన్నాడు.

తర్వాత మాదప్ప పక్కకు పోయి ఏదో మెల్లగా మాట్లాడాడు. మగవాళ్ళ బీడీ ముచ్చట్లనుకున్నాను. బీడీ కూడా బండికి యాభై అడుగుల దూరంలోనే అని గుర్తు చేశాను.

మూడో రోజు మాదప్ప బండి తోలిన తీరు వేరు. టీకి ఆపలేదు, టిఫినుకు ఆపలేదు. వయనాడు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియదు. ఘాట్ దిగేటప్పుడు ఒక్కో మలుపుకు తట్టలు మంచాల మీద నుంచి జారుతుంటే నేనొక రెండు, పద్మ ఒక రెండు ఒళ్ళో పెట్టుకున్నాం. బండి కుడికి తిరిగితే పురుగులన్నీ ఎడమకు, ఎడమకు తిరిగితే కుడికి. మలుపులన్నీ అయ్యాక తట్టలు మళ్ళీ మంచాల మీద పెట్టేసి, ఇద్దరం ఒళ్ళెరగకుండా నిద్రపోయాం.

మధ్యాహ్నం దాటాక కొబ్బరిచెట్ల మధ్య బండి ఆగింది. ఎదురుగా సముద్రం. మా ఆయన దిగి, పంచె ఎగగట్టి, రెండు అడుగులు వేసి నిలబడిపోయాడు. అవతలి గట్టు కోసం వెతుకుతున్నట్టు ఆ చివర నుంచి ఈ చివరకు తల తిప్పాడు. దొరకలేదు. ఇసుకలో కూర్చున్నాడు.

నేను పద్మ చేతి గడియారం చూశాను. "అరగంట ఇప్పటి నుంచి," అని అరిచి, మేత వేద్దామని లోపలికి వెళ్ళాను.

తట్టల్లో ఆకు ఆకులాగే ఉంది. పురుగులు సగమే ఉన్నాయి. ఉన్నవి కూడా తినడం లేదు. ఒళ్ళంతా పసుపుతేలి, మెడలు పైకెత్తి, భజనలో ఊగుతున్న భక్తుల్లాగా ఊగుతున్నాయి. లేని సగం ఎక్కడున్నాయో చెబుతాను. కర్టెన్ల మడతల్లో, దిండ్ల గలీబుల్లో, ఏసీ జాలీలో, పద్మ చెప్పుల్లో, తగిలించిన మాదప్ప ఖాకీ చొక్కా జేబులో. ఒకటి సెంటు సీసా వేలాడిన కొక్కేనికి, అద్దానికి మధ్య దారం కట్టేసి పని మొదలుపెట్టింది కూడా.

"పద్మా, పండిపోయినాయే," అన్నాను.

మాదప్ప లోపలికి వచ్చి చొక్కా చూసుకున్నాడు. చూసి, మెల్లగా అడిగాడు. "బండి తీద్దామా అజ్జీ? అరగంట అయిపోవస్తా ఉంది."

"తాళం చెవి ముట్టుకున్నావంటే చూడు."

పురుగు పెంచేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గూడు కట్టే పురుగును కుదపకూడదు. కుదిపితే దారం తెగుతుంది, సగం గూడు, అడ్డగూడు, దేనికీ పనికిరాదు. మూడు రోజులు ఆ ఇల్లు కదలకూడదు. ఆ ఇంటికేమో ఆరు చక్రాలు. కదలొద్దని ఆజ్ఞ వేయాల్సిన మనిషిని నేనే. వేశాను.

ఆ పక్కన టీ అమ్మే ఒకావిడకు మలయాళం రాదు గనుక వచ్చీరాని అరవంలో నా కష్టం చెప్పుకున్నాను. ఆవిడ బండిలోకి తొంగి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళి ఎండు కొబ్బరిమట్టలు ఈడ్చుకొచ్చింది. వాటిని అల్లి చంద్రికల్లాగా నిలబెట్టి, దొరికిన పురుగులను దొరికినట్టు ఎక్కించాం. దొరకనివి వాటికి నచ్చినచోట కట్టుకున్నాయి. మాదప్ప ఆ మూడు రోజులూ బనీనుతోనే తిరిగాడు. ఎందుకంటే జేబులోని పురుగు గూడు పూర్తి చేయందే తగిలించిన చొక్కాను కదపడానికి లేదని అప్పటికి అతనికీ తెలిసిపోయింది. పైగా ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే నాకంటే ముందు అతనే కసిరేవాడు. పద్మ మొదటి గంట నాతో మాట్లాడలేదు. రెండో గంటకు అలల్లో గంతులు వేస్తోంది.

మా ఆయన మాత్రం పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా కూర్చునేవాడు. తినడానికి వచ్చేవాడు, మళ్ళీ పోయేవాడు. పురుగుల సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి.

అక్కడికి వచ్చిన మూడో రోజు మాదప్ప చొక్కా జేబులోంచి తెల్లటి గూడు తీసి చేతిలో పెట్టుకుని, కొడుకు పుట్టినవాడిలాగా మురిసిపోతూ నోరు జారాడు. "తాత చెప్పినది సరిపోయింది అజ్జీ. 'రేపు మధ్యాహ్నానికి పండుతాయి, సముద్రం కాడికి పోయేదాకా యాడా ఆపొద్దు' అన్నె."

నేను ఇసుకలో దిగబడుతూ ఆయన దగ్గరికి పోయాను. ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఆడ చామరాజనగరంలోనే చూసినావంట."

"చూసినాను. మెడ కాడ పసుపు తిరిగుండె."

"మరి నాకేంటికి చెప్పలేదు?"

ఆయన సముద్రం మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"నీ కాగితంలో అరగంట అని రాసిండావు. నాకేమో చదువు రాదు. సరే, నీ మాట వింటాను. పురుగులకు కూడా చదువు రాదు కదమ్మే."

కలం ఉన్నదాన్ని, కాగితం ఉన్నదాన్ని, ఆ రెండూ మరిచి పక్కన కూర్చున్నాను. అవతలి గట్టు కోసం నేనూ వెతికాను. నిజంగానే లేదు. ఎంతసేపు కూర్చున్నామో రాసిపెట్టుకోలేదు.

ఇంటికొచ్చేసరికి చంద్రికల మీది గూళ్ళన్నీ మా మరిది ఇప్పేసి, శుభ్రం చేసి పెట్టాడు. కోళ్ళకు ఒక్కటీ వేయలేదని మూడుసార్లు చెప్పాడు. బండి ఏసీ జాలీలోంచి ఇప్పటికీ అప్పుడప్పుడు దారం వస్తోందని మాదప్ప ఉగాదికి ఉగాదికి ఫోను చేసి చెబుతుంటాడు.

ఇందుమూలంగా నేను, పూర్తి స్పృహలో, నా సొంత గుండ్రటి అక్షరాలతో ప్రమాణం చేస్తున్నాను. ఒళ్ళో తట్టలతో ఘాట్ దిగను. డ్రైవరు ఊదుబత్తిని రోడ్డు దాటించను. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టుపురుగులనూ మొగుడినీ ఇంకెప్పుడూ ఒకే బండి ఎక్కించను. వాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకుంటారు.