వేడి తెలియని వేళ్ళు

పొద్దున లేవగానే బిస్కెట్లత్తయ్య చేసే మొదటి పని వంటింటి కిటికీ అద్దానికి చెంప ఆనించి చూడటం. అద్దం చెమ్మగా తగిలితే ఆ రోజు ఓవెన్ వెలిగించదు. పెంకు బిస్కెట్లకు తేమ అంటే గిట్టదు. పొద్దున కరకరలాడినవి సాయంత్రానికి తడి కాగితాల్లా వాలిపోతాయి. ఒకప్పుడు అద్దాన్ని వేలితో తాకి చూసేది. ఇప్పుడు చెంప ఎందుకు ఆనిస్తోందో ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళికి ముందు ఒక బేకరీలో పనిచేస్తూ అక్కడి మేస్త్రి దగ్గర వీటిని నేర్చుకుంది. ఫ్రెంచివాళ్ళ బిస్కెట్లని ఆయన గొప్పగా చెప్పేవాడు. గుడ్డు తెల్లసొన, చక్కెర, కరిగిన వెన్న, గుప్పెడు మైదా, అంతే. చెంచా వెనకవైపుతో, కింద రేకు కనిపించేంత పల్చగా రాయాలి. అంచు ఎర్రబడగానే తీసి, ఖాళీ సీసా మీద పరిచి వేళ్ళతో అదిమితే ఇంటికప్పు పెంకులా వంగుతుంది. కాస్త ఆలస్యమైతే గాజులా బిగుసుకుంటుంది. అందుకే రేకుకు మూడే. ఇన్నేళ్ళు ఆ వేడిని ఒత్తీ ఒత్తీ ఆమె వేలికొసలు మొద్దుబారాయి. ఆ సంగతి ఇంట్లో తెలిస్తే ఓవెన్ దగ్గరికి రానివ్వరు. ఆ పని కూడా పోతే ఆ ఇంట్లో తనకేం మిగులుతుందో ఆమెకు తోచదు.

ఒక రోజు వీధి చివర కాఫీ కొట్టాయనకు రెండు డబ్బాలు ఇవ్వాలి. మోకాళ్ళు లాగేస్తున్నాయి. త్వరగా ముగించి నడుం వాల్చాలని రేకుకు ఆరు వేసింది. మూడు వంగాయి. నాలుగోది మెత్తగా ఉందో, బిగిసిందో వేళ్ళకు తెలియలేదు. అదిమింది. ఫట్‌మంది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా అత్తయ్యా?" గుమ్మంలోంచి కోడలు నవ్వింది.

"నీ నోటికి గడియ లేదే తల్లీ. పోయి నీ పని చూసుకో."

ఐదోదీ విరిగింది. విసుగ్గా రేకును పక్కకు జరిపింది. కోడలి నవ్వు ఆగిపోయింది.

"అత్తయ్యా! గుడ్డ లేకుండా పట్టుకున్నారు!"

"అలవాటేలే."

"ఏం అలవాటు? చర్మం కమిలిపోయింది, చూడండి!" చేయి లాగి కుళాయి కింద పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఏమో. మంట తెలియకపోవడం కూడా ఒకందుకు మంచిదే అనుకున్నాను. మీ ఆయనతో అనకు. వాడు ఓవెన్ అమ్మేస్తాడు."

కోడలు మిగిలిన ఆరోదాన్ని మళ్ళీ ఓవెన్‌లో పెట్టి, మెత్తబడ్డాక తనే తీసింది. "అబ్బా!" అని చేయి విదిలించుకుని మళ్ళీ అదిమింది.

"ఇది పెంకా, తెగిన చెప్పా?" అంది అత్తయ్య.

"మీరు పక్కన కూర్చుని తిడుతూ ఉండండి, అదే కుదురుతుంది."

ఆ రోజు కొట్టుకు ఒక డబ్బాయే వెళ్ళింది. అప్పటి నుంచి అత్తయ్య ఓవెన్ పక్కన స్టూలు మీద కూర్చుని, అంచుల రంగు చూసి "తియ్యి" అంటుంది. వంచేది కోడలు. ఆమె చూపుడు వేలి మీద ఎప్పుడూ ఒక బొబ్బ ఉంటుంది.