పోయినవాడి తరఫున జవాబు

ఆ వీధి మొత్తానికి కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఒక్కటే. అందులో ఉండే అన్నదమ్ములిద్దర్నీ జనం పెద్ద మెకానిక్, చిన్న మెకానిక్ అని పిలిచేవాళ్ళు. చిన్న మెకానిక్ అన్నది ఉత్త మర్యాద. సూదిలో దారం ఎక్కించమంటే కళ్ళజోడు వెతుక్కునే మనిషి, మిషన్ విప్పమంటే వీధి చివరిదాకా పారిపోయే మనిషి. అతని పనల్లా రాతకోతలు. బిల్లులు రాయడం, మిషన్ మెడకి చీటీ కట్టడం, బాగైంది వచ్చి తీసుకెళ్ళమని ఇళ్ళకి కార్డులు రాయడం. పెద్దాయనకి కలం అంటే గిట్టదు. చేతికున్న నూనె కాగితానికి అంటుతుందని వంక పెట్టేవాడు గానీ అసలు సంగతి బద్ధకం.

"నువ్వు రాయరా, చివర్లో నేను గీకుతా" అనేవాడు.

అలా చిన్నవాడు రాసిన ప్రతి కార్డూ పెద్దవాడి మాటగానే వెళ్ళేది. "మీ మిషన్ విప్పి చూశాను. మీరు నూనె వెయ్యలేదు. అడిగితే వేశామంటారు, నాకు తెలుసు" అని అచ్చం అన్న దెప్పినట్టే రాసేవాడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా కొట్టు వెనక గదిలోనే తల నెరిసిపోయిన మనిషి. తన తరఫున తను ఎవరికైనా ఓ ఉత్తరం రాసుకోవలసిన అవసరం ఎప్పుడూ పడలేదు.

ఒక మధ్యాహ్నం పెద్దాయన బల్ల ముందు కూర్చుని, ఓ పాత మిషన్ విప్పి, స్క్రూడ్రైవర్ చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయాడు. మేడ మీంచి వదిన పరిగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ మొహంలోకి ఒక్కసారి చూసి కళ్ళు మూశాడు. వైద్యుడు వచ్చి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

కొట్టు మాత్రం మూతపడలేదు. పక్క వీధి నుంచి ఓ మెకానిక్ వచ్చి పని చేసిపోయేవాడు. అన్న బల్ల మీద విప్పిన మిషన్‌ని మాత్రం చిన్నవాడు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. దాని సొంతదారు రెండుసార్లు వచ్చి గొడవపడి, చివరికి విసుగెత్తి వదిలేసింది.

కొన్ని నెలలకి ఒక మందపాటి కవరు వచ్చింది. తెచ్చినవాడు అన్న పేరు చదివి, "ఆయన ఉన్నారా?" అని అడిగాడు.

"ఉన్నారు, లోపల పనిలో ఉన్నారు" అనేశాడు చిన్నవాడు.

కావాలని చెప్పిన మాట కాదది. కొట్టు పెట్టిన నాటి నుంచీ, గుమ్మంలో ఎవరు ఆ ప్రశ్న అడిగినా ఇతని నోటివెంట వచ్చే జవాబు అదొక్కటే. నాలుక దానంతట అదే తిరిగింది. తెచ్చినవాడు కాగితం చాపితే, అన్న గీకే ఆ వంకర సంతకం కూడా దించేశాడు. అతను వెళ్ళిపోయాక గానీ తను అన్నదేమిటో తెలిసిరాలేదు.

ఉత్తరం ఒక వకీళ్ళ సంస్థ నుంచి. ఎంబ్రాయిడరీ మిషన్ కొనడానికి పెద్దాయన ఓ ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకున్నాడు. ఆ మిషన్ కొట్టుకి కలిసిరాలేదు. సగం ధరకి అమ్మేసి, "అంతా తీర్చేశానే" అని భార్యకి చెప్పాడు. తీర్చలేదు. ఇప్పుడు ఆ బాకీ, దాని మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ అన్నీ కలిపి కట్టకపోతే, మీ పేరున ఉన్న ఇంటిని జప్తు చేయమని కోర్టుకి వెళతాం అని ఆ ఉత్తరం సారాంశం. ఇల్లంటే ఆ కొట్టూ, కొట్టు మీద వదిన ఉండే ఆ రెండు గదులూ. ఆవిడకి వేరే దిక్కు లేదు.

చిన్నవాడు తల పట్టుకున్నాడు. మా అన్న పోయాడని రాస్తే వాళ్ళు నేరుగా వదిన మీద పడతారు. పడితే ఆవిడ ఎక్కడికి పోతుంది? బతికే ఉన్నాడనుకుంటే, బతిమాలితే, కాస్త గడువిస్తారేమో. ఇలా లెక్కలు కట్టుకుని కాగితం తీశాడు. తెలివితక్కువ లెక్కే. ఎవర్నైనా అడిగుంటే తేలిపోయేది. కానీ అడగడమంటే అన్న లేడని ఇంకోసారి నోటితో చెప్పడం కదా, ఆ మాట అతనికి పెగలదు.

"మీ ఉత్తరం చేరింది. పనులు మందకొడిగా ఉన్నాయి. నాకు మూడు నెలలు గడువివ్వండి. నేను ఎగ్గొట్టే రకం కాదు" అని రాసి, కింద అన్నలా గీకాడు.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. మీ ఉత్తరం అందింది, మీ ఇబ్బంది అర్థం చేసుకున్నాం, మీరు స్పందించినందుకు ధన్యవాదాలు అని. వెయ్యిమందికి పంపే అచ్చు ముక్కలని నాకూ తెలుసు, మీకూ తెలుసు. అతనికీ తెలియకపోలేదు. అయినా చదివి చదివి ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. వీధిలో ఎవరు ఎదురైనా "పాపం, మీ అన్న" అని మొదలుపెట్టేవాళ్ళే. అన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు మాట్లాడింది ఈ ఉత్తరం ఒక్కటే.

ఇక వాళ్ళు రాయడం, ఇతను జవాబివ్వడం. తన జేబులోంచి కొంచెం కొంచెం కడుతూ వచ్చాడు. అది వడ్డీకే చాలేది కాదు. ఉత్తరాలన్నీ బాబిన్ల సొరుగులో అడుగున దాచాడు. రాయాల్సినప్పుడల్లా అన్న స్టూలు మీద కూర్చునేవాడు, అక్కడైతేనే మాట కుదురుతుందని. మెల్లిగా మోకాలి నొప్పి సంగతి రాశాడు. తర్వాత దగ్గు సంగతి. రాసిన కొన్నాళ్ళకి తనకే దగ్గు పట్టుకుంది, అన్నకి వచ్చినట్టే, ముందు రెండు పొడి దగ్గులు, తర్వాత ఒక పెద్దది. దగ్గినప్పుడల్లా ఎవరో వెనక ఉన్నట్టు తిరిగి చూసుకునేవాడు. ఏ మిషన్నీ తాకని వేళ్ళకి నూనె వాసన వచ్చేది. సబ్బుతో తోమినా పోయేది కాదు.

అన్నిటికన్నా భయపెట్టింది నాలుగో ఉత్తరం. ఏదో గడువు అడగబోయి, ఆలోచించకుండానే ఇలా రాసేశాడు: "ఆ మిషన్ కొనడం నా బుద్ధి తక్కువ. మా తమ్ముడు వద్దని మొత్తుకున్నాడు. నేను వినలేదు. వాడి మాట వినాల్సింది."

కలం కింద పెట్టేసి గోడకి జారబడ్డాడు. తను వద్దని మొత్తుకున్న మాట నిజం. బతికుండగా అన్న ఒక్కసారీ ఒప్పుకోలేదన్నదీ నిజం. ఈ ముక్క తను రాశాడా, అన్న రాయించాడా? పట్టపగలు, ఎదురుగా వీధి నిండా జనం తిరుగుతూ ఉండగా, అతను లేచి వెనక గదిలోకి తొంగి చూశాడు. అయినా ఆ ఉత్తరం చింపలేదు. పోస్టు చేశాడు.

చివరికి ఓ సాయంత్రం ఫోన్ మోగింది. వకీళ్ళ ఆఫీసు అమ్మాయి. అన్న పేరు చెప్పి, ఆయనేనా అని అడిగింది.

"నేనేనమ్మా, చెప్పు."

ఆ గొంతు విని అతనే బిత్తరపోయాడు. అతనిది పీలగొంతు. బయటికి వచ్చింది మాత్రం గుండెలోంచి బరువుగా, చివర్లో కాస్త సాగుతూ వచ్చే అన్న గొంతు.

"మీలా ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చేవాళ్ళు ఎవరూ ఉండరండీ. అందుకే ముందుగా చెబుదామని చేశా. వచ్చే నెల కేసు వేసేస్తున్నారు. ఇల్లు జప్తు అడుగుతున్నారు."

"ఇంకో దారే లేదా తల్లీ?"

"మీ ఫైలంతా చూశానండీ. ఈ అప్పుకి బీమా ఒకటి చేయించారు. కానీ అది... ఏమనుకోకండి, మనిషి పోతేనే పనికొస్తుంది. అప్పుడైతే ఇంట్లోవాళ్ళు చిల్లిగవ్వ కట్టక్కర్లేదు. ఆ మాట మనకెందుకు లెండి. మీరు చల్లగా ఉండాలి."

"ఉంటాన్లే అమ్మా" అంది అన్న గొంతు.

ఫోన్ పెట్టేసి, తల వంచుకుని మళ్ళీ లెక్క కట్టుకున్నాడు. ఏడాదిగా తను అన్నని బతికించడమే వదిన కొంప మీదికి తెచ్చిందన్నమాట. మొదటి రోజే ఉన్నమాట ఒక్కటి చెప్పుంటే, ఆ రోజే తేలిపోయేది.

తలెత్తేసరికి కింది మెట్టు మీద వదిన నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు వదినా. నేనే."

"నువ్వు కాదు. ఆయన మాట్లాడారు. నా చెవులతో విన్నా."

ఇక దాచి లాభం లేదు. అతను సొరుగు లాగి ఉత్తరాలన్నీ బల్ల మీద పెట్టి, మొదటినుంచీ చెప్పేశాడు. ఆవిడ స్టూలు లాక్కుని ఒక్కొక్కటీ చదివింది, వాళ్ళవీ, ఇతను నకలు రాసి ఉంచుకున్నవీ. నాలుగో దాని దగ్గర ఆగిపోయింది.

"ఈ మాట ఆయన ఎప్పుడన్నారు?"

"అనలేదు వదినా."

"మరి?"

"తెలీదు. వచ్చింది, రాశా."

ఇల్లు పోగొట్టావు కదరా అంటుందని తల వంచుకుని కూర్చున్నాడు. అంటే పడదామనే కూర్చున్నాడు. ఆవిడ ఆ నాలుగో ఉత్తరాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ ఆయన్ని నీ దగ్గరే పెట్టుకున్నావా అబ్బాయ్?" అంది చివరికి. "నేను పైన ఒక్కదాన్నే కూర్చుని, మెట్ల మీద చప్పుడైతే చాలు చెవులు రిక్కించుకుని చస్తుంటే, నువ్వు కింద ఆయనతో ఉన్నావా? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

అతను బల్ల మీది ఉత్తరాల్ని ఒక్కొక్కటిగా దొంతర పెట్టాడు.

"సరే. ఒక్కసారి నన్ను పిలువు, ఆయన పిలిచినట్టు. ఒక్కసారి చాలు."

అన్న ఎలా పిలిచేవాడో అతనికి తెలియనిదా? "ఏమే, టీ ఏమైంది?" అని మెట్ల వైపు మొహం పెట్టి కేకేసేవాడు. నోరు తెరిచాడు. తన పీలగొంతే వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే. అప్పులవాళ్ళకి పలికిన గొంతు ఆవిడకి పలకలేదు. వదిన మొహం పక్కకి తిప్పుకుంది.

ఉన్నమాట ఉత్తరంలో రాసి పంపేస్తానని కాగితం తీస్తే ఆవిడ లాక్కుంది. "వద్దు. నువ్వు కలం పట్టుకుంటే మళ్ళీ ఆయనే రాస్తారు. పద, వెళ్ళి నోటితో చెబుదాం."

మర్నాడు డెత్ సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని ఇద్దరూ వెళ్ళారు. మూడో అంతస్తులో ఇరుకు ఆఫీసు. కుర్చీల మీద కూడా ఫైళ్ళే. ఫోన్ చేసిన అమ్మాయి గుమ్మం పక్కనే కూర్చుంది.

"అమ్మా, మేం మా అన్న సంగతి..." అని అతను మొదలుపెట్టాడో లేదో, గొంతు మారిపోయింది. బరువుగా, సాగుతూ. అమ్మాయి మొహం వికసించింది.

"మీరే వచ్చేశారా అండీ! గొంతు వినగానే గుర్తుపట్టేశా. రండి, కూర్చోండి. మోకాలు ఎలా ఉంది?"

కాదనడానికి నోరు తెరిస్తే ఒక్క ముక్కా రాలేదు. పొడి దగ్గు వచ్చింది. లోపల్నించి పెద్ద వకీలు ఫైలుతో వచ్చాడు. వదిన ఇచ్చిన సర్టిఫికెట్ చూశాడు, దాని మీది తేదీ చూశాడు, ఫైల్లో ఉత్తరాల తేదీలు చూశాడు.

"ఈ తేదీ తర్వాత ఆయన మాకు రాస్తూనే ఉన్నాడు. నిన్న ఫోన్లో మాట్లాడాడు. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డాడు. బీమా డబ్బుల కోసం ఏమిటమ్మా ఈ నాటకం? ఇందులో ఏది అబద్ధం?"

"నేను..." అన్నాడు అన్న గొంతుతో, అక్కడే ఆగిపోయాడు.

వదిన అతని చెయ్యి పట్టుకుని తన వెనక్కి లాగింది.

"ఆయన చచ్చిపోయారు బాబూ" అంది. "నా ఒళ్ళో తల పెట్టుకుని పోయారు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆ మాట నాతో అన్నారు గానీ, నేనిప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అంటున్నా, వినండి. మా ఆయన లేరు. చచ్చిపోయారు. వీడు నా మరిది."

అతనిలో బిగబట్టిందేదో వదిలేసింది. మాట్లాడితే పీలగొంతే వచ్చింది.

"ఉత్తరాలు నేను రాశానండీ. సంతకాలూ నేనే పెట్టాను."

అమ్మాయి ఆ గొంతు విని చటుక్కున తలెత్తి చూసింది.

"అది నేరమని తెలుసా నీకు?" అన్నాడు వకీలు.

"తెలుసండీ."

"తెలిసీ ఎందుకు రాశావయ్యా?"

"మొదటిది ఇల్లు పోతుందని రాశానండీ. తర్వాతవి..." నీళ్ళు నమిలాడు. "మీరు ఆయనకి జవాబిచ్చారు కదండీ. ఇంకెవరూ ఆయనకి రాయట్లేదు."

వకీలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మెత్తని మనిషేమీ కాదు. గట్టిగానే చీవాట్లు పెట్టాడు. జరిగిందంతా అతని పేరుతో, అతని చేత్తోనే రాయించి సంతకం పెట్టించుకున్నాడు. నీ మీద కేసు పెట్టాలో లేదో కంపెనీ చూసుకుంటుందన్నాడు. బీమా కాగితాల మీద వదినతో సంతకం చేయించాడు. అమ్మాయి మళ్ళీ మోకాలి సంగతి అడగలేదు.

కంపెనీ వాళ్ళకి ఇలాంటి ముసలాడి మీద కేసు నడిపే తీరిక లేకపోయింది. వర్షాలు తగ్గేవేళకి ఒక పల్చటి కవరు వచ్చింది, వదిన పేరు మీద. మెట్ల మీద నిలబడి ఆవిడే పైకి చదివింది. బీమా సొమ్ముతో బాకీ తీరింది. ఇంటి మీద ఎవరికీ ఏ హక్కూ లేదు. కీర్తిశేషులైన మీ భర్త పేరున ఉన్న ఫైలు మూసివేశాం. ఇకపై ఈ చిరునామాకి మా నుంచి ఎటువంటి ఉత్తరాలూ రావు.

ఆవిడ ఆఖరి వాక్యం మళ్ళీ ఒకసారి చదువుకుంది.

"అంటే ఇంక ఆయనకి ఎవరూ రాయరా అబ్బాయ్?"

"రాయరు వదినా" అన్నాడు అతను, తన గొంతుతోనే.

ఇల్లు దక్కింది. ఆ ఇంటి మెట్ల మీదే కూలబడి, ఆయన పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చారు ఇద్దరూ.