బలపం ఆగేదాకా

మా వికలాంగుల సంఘం ప్రెసిడెంటు తాత పోయిన సోమవారం చనిపోయారు. అమ్మ ఏడుస్తూ ఆ మాట చెబితే, "మరి ఆదివారం మీటింగు ఉంటాదా?" అని అడిగాను. అమ్మ అదోలా చూసింది. తాత వినుంటే పడీపడీ నవ్వేవారు.

నాకు ఆటిజం. ఇంట్లో బాగానే మాట్లాడతాను, నలుగురిలో గొంతు పెగలదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముసలితనం దాకా పనిచేసిన తాతకు పోలియోతో ఒక కాలు పడిపోయింది కానీ నోరు మాత్రం పదిమంది పెట్టు. ఒకసారి సంఘానికి ఒక ఆఫీసరు వస్తే నోరు విప్పలేని మాలాంటి వాళ్ల తరఫున ఆయనే మాట అందుకున్నారు.

"ఈ బిడ్డలకు ఏం తెలీదు సార్. దేవుడి బిడ్డలు."

నాకు ఒళ్లు మండింది. మీటింగు సంగతులు రాసే పలక తీసుకుని, "నాకు తెలుసు. ముందు ఆ ఫ్యాను ఆపండి, చప్పుడుకు తల పగిలిపోతోంది" అని రాసి ఎత్తి పట్టుకున్నాను. ఫ్యాను ఆపారు. అందరికీ చెమటలు పట్టాయి, తాతకు మరీను. మీటింగయ్యాక నా పక్కన కూర్చున్నారు.

"రెండు కాళ్లున్నోడు నా కాలు గురించి చెప్తే కర్ర ఎత్తినాను. ఈరోజు నేనూ అదే పని చేసినా. తప్పయిపోయింది పాపా."

అప్పట్నుంచి పలక ముందు మా చేతికే వచ్చేది. రాయడం రాని, కొమరోలు ఊరి నుంచి వచ్చే అన్న బొమ్మలు గీసేవాడు. బలపం ఆగేదాకా ఎవరూ నోరెత్తకూడదు. అమ్మలకు తాత మీద కోపమొచ్చింది.

"మా పిల్లోళ్ల సంగతి మాకు తెలీదా అన్నా?"

"తెలుసు తల్లీ. వాళ్లకు ఇంకా బాగా తెలుసు. రవ్వంతసేపు ఆగు."

ఆగలేక అవస్థపడింది ఎక్కువ ఆయనే. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకునేవారు. అందరూ చదివాక అదే తువ్వాలుతో పలక తుడిచేవారు. తుడిచే ముందు మాత్రం, "తుడవొచ్చా పాపా?" అని ప్రతిసారీ అడిగేవారు. నా విషయంలో నన్ను అడిగి చేసినవాళ్లు చాలా తక్కువ. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు ఆ మాటే వినిపిస్తుంది.

ఆదివారం మీటింగు జరిగింది. సెక్రటరీ అత్త లేచి, "ఈ పాప తరఫున గూడా నేనే..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, పలక నా చేతికిచ్చింది.

"తాత తువ్వాలు కంపు కొట్టేది. తాతంటే నాకు చాలా ఇష్టం" అని రాశాను.

ముందు అమ్మ నవ్వింది, తర్వాత అందరూ. అత్త కొంగు చేతికి చుట్టుకుని, నా ముందు వంగి, మెల్లగా అడిగింది.

"తుడవొచ్చా పాపా?"

వద్దని తల ఊపాను. అత్త పలకను అలాగే తీసుకెళ్లి తాత కుర్చీలో ఆనించింది.