సత్యారావు బావ తూచి కొన్న ట్రాన్స్‌ఫార్మర్

మా బావ సత్యారావు ఈ లోకంలో చేసిన ఆఖరి మామూలు పని, అనకాపల్లిలో శివాజీ ఎలక్ట్రానిక్స్ కొట్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ని స్ప్రింగు కాటాకి వేలాడదీసి, ముల్లు చూసి, పెదవి విరవడం.

"తేలిగ్గుంది శివాజీ."

"అది సెరుకు మోపు కాదండి సత్యారావుగారూ, తూసి తీసుకోడానికి," అన్నాడు కొట్టాయన. "ఏళ్ళ తరబడి తూస్తన్నారు. ఒక్కటంటే ఒక్కటి కొన్నారా?"

"మంచిది రానీ, కొంటాను."

కాటాని భద్రంగా స్కూటరు డిక్కీలో పెట్టుకుని, నన్ను వెనక ఎక్కించుకుని చోడవరం వచ్చేశాడు. మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీ కాటా గదిలో, చెరుకు బళ్ళు వరసలో ఉండగా, కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయాడు. తూకం ఆగిందని రైతులు ముందు తిట్టుకున్నారట. సంగతి తర్వాత తెలిసింది.

బావ చెరుకు తూచే గుమాస్తా. మనిషి చెప్పేది, కాయితం మీద రాసింది ఆయన లెక్కలోకి రావు. బరువే లెక్క. గుమ్మడికాయ కొన్నా, తలుపు చేయించినా ముందు ఎత్తి చూసేవాడు. నా కథల పుస్తకం అచ్చయినప్పుడు చేతిలోకి తీసుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, "బాగుందిరా," అన్నాడు. ఆ పుస్తకానికి వచ్చిన ఏకైక సమీక్ష అది.

అలాంటి మనిషికి, కొన్నేళ్ళ కిందట, కూతురు అశ్విని ఓణీల ఫంక్షన్ పెట్టుకున్న ఏడాది, ఆంప్లిఫయర్ చెయ్యాలని పుట్టింది.

"మన గుంట ఫంక్షన్‌కి అద్దె మైకుసెట్టేట్రా బాలూ? నేను సేస్తాను. అది మోగకపోతే మీసం తీసేస్తాను."

ఈ మాట నాతో అని ఊరుకుంటే సరిపోయేది. ఫ్యాక్టరీ అంతా చెప్పుకొచ్చాడు. ఆ మీసం సామాన్యమైనది కాదు. బావ గుమ్మం దాటే ముందు అది దాటేది.

ఆంప్లిఫయర్ బోర్డు చవగ్గా దొరికింది. పాడైన డీవీడీ ప్లేయర్ ఒకటి పెట్టెగా పనికొచ్చింది. అన్నీ ఒక్క పూటలో కొన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. ఇంటి కరెంటుని తగ్గించి బోర్డుకి తినిపించేది అదే. అది చిన్నదైతే డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా పాట గొంతు పూడుకుపోతుంది. పెద్దదైతే దాని ధరకి ఇంట్లో వాళ్ళ గొంతు పూడుకుపోతుంది. ఇవన్నీ నేర్చుకోడానికి బావ హిందీ వీడియోలు చూసేవాడు. హిందీ రాదు. అందువల్ల ఆయనకి ఏ విషయంలోనూ అనుమానం రాలేదు.

"ఈటి మీద ఐదు ఆంపియర్లని రాసుంటాది సూడు. ఎవుడు రాసేడు? అమ్మేవోడు. బండిలో నాలుగు టన్నులుందని రైతు సెబితే నేను రాసేసుకుంటానా? కాటా ఎక్కించమంటాను. ఇనుమూ రాగీ ఎంతుంటే సత్తువ అంత."

"పోనీ ఆ గుండ్రటిది తీసుకో బావా. గారెలా ముచ్చటగా ఉంది."

"గారె మనకి అందదురా. దాని ధరకి ఆంప్లిఫయరే వచ్చెస్తది."

చుట్టిన తీగ రాగిదో కాదో చూద్దామని బ్లేడుతో గీకేవాడు. రెండు కొట్లవాళ్ళు లోపలికి రావద్దన్నారు. చివరికి వడ్డాదిలో పాత సామాన్లవాడి దగ్గర, మూతపడ్డ సినిమా హాలు సరుకులో, కాటా ముల్లు ఆయన మనసుకి నచ్చినంత కిందికి దిగింది. ఇంటికి తెచ్చాక తెలిసింది, అది డీవీడీ పెట్టెలో పట్టదని. బయట చెక్క మీద బిగించాడు.

"నా కూరలపీట ఏదే రేవతీ?" అని బావ తల్లి అచ్చియ్యమ్మ అడిగింది మా అక్కని.

"మీ అబ్బాయి దాని మీద పాటలు తరుగుతన్నారత్తా," అంది అక్క.

మొదటిసారి స్విచ్చి వేస్తే పాట కంటే ముందు గుయ్యిమని మోత వచ్చింది. "లోపల తేనెటీగల్ని పెట్టేవేట్రా?" అంది ముసలమ్మ. బావ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఒక పక్కకి తిప్పి బిగించాడు. మోత తగ్గింది. ఆ సాయంత్రం మీసానికి నూనె రాశాడు.

ఫంక్షన్ రోజున, ఒప్పుకోవాలి, పెట్టె బ్రహ్మాండంగా మోగింది. డప్పు దెబ్బకి షామియానా గుంజలు అదిరాయి. బావ టిఫిను కూడా మానేసి దాని పక్కనే కుర్చీ వేసుకుని, బాలింతకి కాపలా కూర్చున్నట్టు కూర్చున్నాడు. పాటలయ్యాక సదివింపులు. ఎవరేం పెట్టారో మైకులో నలుగురికీ వినిపించడం మావాళ్ళ వేడుక. అందులో ప్రేమ పాలెంత, పోలిక పాలెంత అన్నది అడగకూడదు. మైకు బావ పినతండ్రి కొడుకు బంగార్రాజు చేతికి వచ్చింది. మైకు లేకపోయినా అతను చీడికాడ దాకా వినిపిస్తాడు.

"అమ్మాయి మేనత్త నూకరత్నం గారు... జత జూకాలు, బంగారం." జనం ఊఁ అన్నారు.

మేనత్త జూకాలు పెడితే మేనమామ గొలుసైనా పెట్టాలి. ఆ ఏడాది, నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీ, కరోనా పేరు చెప్పి జీతాలు మానేసింది. నా సంచిలో నేత లంగా ఓణీ ఒక్కటే ఉంది.

"ఇహ అసలు మనిషి. మేనమామ గారు. మేనమామ గారు ఏటి తెచ్చేరంటే..."

అక్కడితో మైకు గొంతు పోయింది. పెట్టె మీద దీపాలు ఆరిపోయాయి. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు మీద నెపం పెట్టడానికి లేదు. మా పిన్ని కమురు వాసన వస్తోందంది. ఆ వెంటనే అందరికీ వచ్చింది. నాకూ వచ్చింది.

బావ వంగి ట్రాన్స్‌ఫార్మర్ మీద వేలు పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

"కాలిపోయింది. ఎంచడంలో తప్పేను."

"సెరుకు తూసే సేత్తో సంగీతం తూస్తే ఇంతే కదన్నయ్యా," అన్నాడు బంగార్రాజు. నవ్వుల్లో సదివింపులు కొట్టుకుపోయాయి. ఎవరో వడ్డన మొదలైందన్నారు. జనం అటు పరిగెత్తారు. నేను అశ్వినిని పక్కకి పిలిచి సంచీ చేతిలో పెట్టాను. మనసులో ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి దణ్ణం పెట్టుకున్నాను. పైకి మాత్రం, "బావా, మీసం," అని గుర్తు చేసింది నేనే. బావమరిదినన్నాక ఆ మాత్రం హక్కుంటుంది.

మర్నాడు కాటా దగ్గర రైతులు కొత్త గుమాస్తా వచ్చాడనుకున్నారు. మీసం కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది గానీ పోయిన పేరు రాలేదు. బళ్ళు ఎక్కిస్తూ, "బాబూ, ఇది సినిమా హాలు తూకమా, ఫ్యాక్టరీ తూకమా?" అని అడిగేవారు. పండక్కి ఇంటికొచ్చిన అల్లుళ్ళకి ఆ కథ చెప్పే పని నాది. ఏటికేడు కమురు వాసన కాస్త పెంచుతూ వచ్చాను. బావ అడ్డు చెప్పేవాడు కాదు. "ఈసారి మంచిది సూసి బిగిస్తాను," అని మాత్రం అనేవాడు.

కర్మలన్నీ అయ్యాక అక్క అటక సర్దుతుంటే పీటతో సహా అది కిందికి దిగింది.

"ఆ కాలిపోయినదాన్ని ఇనప సామాన్లవాడికి ఇచ్చేద్దామే," అన్నాను.

"కాలితే కదరా."

"మరి ఆ రోజు?"

అక్క పీట మీద దుమ్ము తుడుస్తూ చెప్పింది. "దానికి ఫ్యూజు లేదంతే. బంగార్రాజు నీ పేరెత్తగానే మీ బావ పెట్టె ఎనక సెయ్యెట్టి లాగేసేడు. మర్నాడు సొక్కా తడపబోతే జేబులో దొరికింది. బాలుగుంటడికి సెప్పకని నాసేత ఒట్టేయించుకున్నాడు."