పత్తి బేళ్ల మీద మీటింగాట

మొన్న ఆదోని బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని తింటున్నాను. గోడకున్న టీవీలో విలేకరి ఒక నాయకుణ్ణి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఆయన తన పల్లె గురించి, తల్లి గురించి, రైతు కన్నీళ్ల గురించి చెప్పాడు గాని జవాబు మాత్రం చెప్పలేదు. పక్క బల్లవాళ్లు తిట్టుకున్నారు. నాకు కోపం రాలేదు. పుట్నాల పొడి, మిరపకాయ బజ్జీల వాసన మధ్య ఎప్పటిదో అసూయ లేచి కూర్చుంది.

డెబ్బైల చివర్లో మా ఇల్లు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు వెనక సందులో ఉండేది. దసరా దాటితే ఆలూరు వైపు నుంచి పత్తిబండ్లు వరసకట్టేవి. గాలిలో దూది తేలి మా తలలూ, ఆరేసిన బట్టలూ, అవ్వ ఎండబెట్టిన కొర్రలూ అన్నీ నెరిసినట్టు కనిపించేవి. ఒక ఏడు ఎన్నికలు కూడా కలిసొచ్చాయి. జీపు మైకు వినిపిస్తే చాలు, నోటి దగ్గరి ముద్ద వదిలేసి కరపత్రాల కోసం దుమ్ములో పరుగెత్తేవాళ్లం. సాయంత్రమైతే మిల్లు ఆవరణలో పేర్చిన పత్తి బేళ్లెక్కి మీటింగాట. ఒకడు లీడరు, మిగతావాళ్లు జనం. జనం ఏమడిగినా లీడరు ‘ఔ’ అనకూడదు, ‘కాదు’ అనకూడదు. అంటే దిగిపోవాలి.

మహబూబు దిగేవాడే కాదు. వాళ్ల నాయన ఆ మిల్లులోనే హమాలీ. వాడు తువ్వాలు భుజాన వేసుకుని, చెయ్యి చాపి, “అవ్వా, నీ దాహం నా దాహం గాదా?” అనేవాడు.

“ఆ మాటకేం గానీ, కొళాయిలో నీళ్లొస్తాయా, రావా? సెప్పప్పా!” అని గోడ అవతలి నుంచి మా అవ్వే అరిచేది.

“నీళ్ల గురించి అడిగిన ఈ తల్లికి ముందు సప్పట్లు కొట్టండి!”

అవ్వ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, వాయిలో మొదటి బజ్జీ వాడికే ఇచ్చేది. “మావోనికి నోట్లో నాలికే ల్యా” అని నన్ను చూసి నిట్టూర్చేది. నేనెక్కితే రెండో ప్రశ్నకే ‘ఔ’ అనేసేవాణ్ణి. నా వంతు బజ్జీ చేదుగా ఉండేది.

ఎమ్మిగనూరులో జరిగే వక్తృత్వ పోటీకి మా బడి నుంచి మహబూబును ఎంచుకున్నారు. వాడు కాకపోతే నేను. ఆ వారమే ఒక సాయంత్రం మా వీధికి నిజం లీడరు వచ్చాడు. ఆయన మాట్లాడుతుండగా గుంపులోంచి ఒక పిల్లగొంతు “నీళ్లొస్తాయా, రావా?” అని అరిచిందట. జనం గొల్లుమన్నారట. ఆయన ముఖం మాడ్చుకుని జీపెక్కాడట. సరిగ్గా ఆ వేళకి మహబూబు, నేను, ఇద్దరమే మిల్లులో బేళ్ల మీదున్నాం. వాడు పోటీ ప్రసంగం చెబుతున్నాడు, నేను వింటూ లోపల ఉడికిపోతున్నాను.

మీటింగాటలో పేరున్నవాడు గనక గొంతు మహబూబుదేనని ఊరంతా అనుకుంది. మర్నాడు హెడ్మాస్టరు మా ఇద్దర్నీ పిలిపించి నన్నడిగారు: “నిన్న సాయంత్రం వీడు నీతో ఉన్నాడా?”

ఒక్క మాట చాలు. మహబూబు ధీమాగా నా వైపు చూశాడు.

“సార్, మేమిద్దరం ఎప్పుడూ ఒకటే సార్. వాడంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. మీటింగప్పుడు యాడోళ్లు ఆడనే ఉండిరి సార్...” అంటూ పోయాను. ఔననలేదు, కాదనలేదు.

హెడ్మాస్టరు వాడి పేరు కొట్టేసి నా పేరు రాశారు. బయటికొచ్చాక మహబూబు నన్ను కొట్టలేదు.

“నాకన్నా బాగ సెప్పినావప్పా” అన్నాడు.

ఎమ్మిగనూరులో, మగ్గాల చప్పుడు వినబడే హాలులో, నాకు స్టీలు గ్లాసు బహుమతిగా వచ్చింది. అవ్వ దాంట్లో మజ్జిగ పోసిచ్చి “మహబూబు రాల్యాదేమప్పా?” అంది. దానికీ ఏదో చెప్పాను. వాడు మళ్లీ బేళ్లెక్కలేదు. మరుసటేడు వాళ్ల ఇల్లు కోసిగికి మారిపోయింది.

మిల్లు ఉన్నచోట ఇప్పుడు కల్యాణ మండపం. సందులో దూది తేలదు, కరపత్రాల కోసం పరుగెత్తే పిల్లలూ లేరు. అవ్వ పోయింది, హెడ్మాస్టరూ పోయారు. ఆ రోజు భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయం కాదు, వాడి గొంతు మీద కన్ను. ఉన్నాడు సార్, నాతోనే ఉన్నాడు. ప్రసంగం మొదటి నుంచి చివరిదాకా విన్నది నేనొక్కణ్ణే. చాలా బాగా చెప్పాడు సార్.