మోటార్‌హోమ్ కదలని సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంటికి చక్రాలుండేవి. కాలేజీల కోసం మన పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్న రోజులవి. మా అమ్మ కూడా చదువుకోవడానికే వచ్చింది, నాన్ననూ నన్నూ వెంటబెట్టుకుని. మేం దిగిన సర్రీ ఊళ్ళో, కట్టగల అద్దెకు గది దొరక్క, నాన్న ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాడు. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన ఒక ఆంటీ దాన్ని తన పెరట్లో పెట్టుకోనిచ్చింది. ఆవిడ తాతముత్తాతలు ఎప్పుడో చెరుకుతోటల పనికి వెళ్ళిన తెలుగువాళ్ళట. ఆ పాత తెలుగు ఆవిడ నోట ఇంకా కాస్త మిగిలుంది.

అమ్మ క్లాసులయ్యాక ఊరి చివర గ్రీన్‌హౌస్‌లో పనిచేసేది. అక్కడికి బస్సు లేదు. నాన్న వేర్‌హౌస్‌లో డ్యూటీ దిగి వచ్చి, ఆమెను తీసుకురావడానికి ఇంటినంతా కదిలించేవాడు. గిన్నెలు దొర్లిపోకుండా నేను పట్టుకుని కూర్చునేదాన్ని. చలికాలం అక్కడ సాయంత్రమే చీకటి, పైగా వాన. హెడ్‌లైట్లు బాగా మసక. ఒకరోజు నల్ల జాకెట్ వేసుకుని రోడ్డు వారన నడుస్తున్న స్టూడెంట్ ఒకడు దగ్గరికి వెళ్ళేదాకా కనపడలేదు. నాన్న సడన్‌గా బ్రేక్ వేశాడు. ఆ అబ్బాయికి ఏమీ కాలేదు గానీ, నాన్న మిగతా దారంతా నడక వేగంతోనే బండి నడిపాడు.

కొత్త బల్బులు వేసినా వెలుగు పెరగలేదు. ఫోన్లో వీడియోలు చూసి, లోపం పాత వైర్లలో ఉందనీ, బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు చాలావరకు దారిలోనే పోతోందనీ తెలుసుకున్నాడు. మర్నాడు డ్యూటీ దిగగానే వానలోనే బానెట్ ఎత్తాడు. నిద్రతో కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతిలోని పానా జారి బ్యాటరీ మీద పడి నిప్పురవ్వలు లేచాయి. ఇక బానెట్ దించేసి, అమ్మ ఎదురుచూస్తుంటుంది, ఉన్న లైట్లతోనే వెళ్దాం పదమన్నాడు.

కిటికీలోంచి ఇదంతా చూసిన ఆంటీ బయటికొచ్చింది. తన కుక్కర్ మూత మా బండిలో ఉండిపోయిందంటూ తాళంచెవి అడిగి తీసుకుంది. మమ్మల్ని తన ఇంట్లోకి పంపి, నాన్నను టీ తాగమంది. కాసేపటికి ఆవిడ కారు కదిలిన చప్పుడైంది. మా తాళంచెవి కోటు జేబులో వేసుకుని, అమ్మను తేవడానికి తనే బయల్దేరింది. నాన్న గుమ్మం దాకా పరిగెత్తి, తిరిగొచ్చి సోఫాలో కూలబడ్డాడు. టీ చల్లారకముందే నిద్రపోయాడు. అమ్మ వచ్చి ఆయన్ని చూసింది గానీ లేపలేదు. బూట్లు కూడా విప్పకుండా పక్కనే కూర్చుని తనూ కళ్ళు మూసుకుంది.

పొద్దున నాన్న కాస్త కోపంగానే, అబద్ధం ఎందుకు చెప్పారని ఆంటీని అడిగాడు.

"నిజం చెప్తే తాళం ఇస్తావా?" అందావిడ. "దీపాలు ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు బాబూ. నీకేమన్నా అయితే ఈ పిల్లకెవరు?"

నాన్నకు సెలవు దొరికేదాకా అమ్మను ఆవిడే తీసుకొచ్చింది. సెలవురోజు నాన్న నిద్ర తీరాక లేచి, పగటి వెలుగులో పని మొదలుపెట్టాడు. తుప్పు గీకి, బ్యాటరీ నుంచి లైట్లకు నేరుగా మందపాటి కొత్త వైర్లు వేశాడు. నేను సీట్లో కూర్చుని, ఆయన చెప్పినప్పుడల్లా స్విచ్ నొక్కాను. ఆ సాయంత్రం రోడ్డు చాలా దూరం కనిపించింది. సంబరపడే ఓపిక మాకెవరికీ లేదు. "హమ్మయ్య, కనిపిస్తోంది" అని మాత్రం అంది అమ్మ.

ఇప్పుడు నా వయసు ఆనాటి ఆంటీ వయసును దాటేసింది. ఇంట్లో ఎవరైనా ఎర్రబడ్డ కళ్ళతో, ఈ ఒక్క పనీ ముగించి పడుకుంటానంటే నేను వాదించను. వెళ్ళి పక్క వేస్తాను.